విప్పడం కన్నా ముందు ఆపడం నేర్చుకోండి

ప్రశ్న: మాది రాజమండ్రి. ఇంజినీరింగ్ చదివిన రోజుల నుంచి నిన్నమొన్నటి దాకా హాస్టళ్లూ అద్దె ఇళ్లే. పోయినేడు హైదరాబాద్‌లో సొంత ఫ్లాట్‌లోకి వచ్చాం. అప్పటినుంచీ ఇంట్లో ఏదో ఒకటి. వాష్‌బేసిన్ కుళాయి కారుతుంది, వానొస్తే కరెంటు ట్రిప్ అవుతుంది, హాల్లో ఫ్యాన్ చేత్తో తిప్పితే గానీ తిరగదు. మొన్న ప్లంబర్ వచ్చి పది నిమిషాల్లో పని ముగించి ఐదొందలు పట్టుకెళ్లాడు. డబ్బు సంగతి సరే, ముప్పై ఆరేళ్లొచ్చి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం రాదే అని సిగ్గేసింది. మా నాన్నగారికి ఇవన్నీ వచ్చు. కానీ "నువ్వెళ్లి చదువుకో" అని దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఇప్పుడు నేర్చుకోవాలంటే ఏవి ముందు, ఏవి తర్వాత? ఏ పనిముట్లు కొనాలి? ఏవి ముట్టుకోకూడదు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సిగ్గుపడాల్సిందేమీ లేదు. "నువ్వెళ్లి చదువుకో" అన్న మాట చాలా ఇళ్లలో వినపడిందే. నాన్నగారు మీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం స్పానర్ ఆయన చేతికివ్వకండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి, చెప్పమని అడిగి, మీరు చేయండి.

మొదటి వారం ఏదీ విప్పొద్దు. నీళ్లు, కరెంటు, గ్యాస్ మీ ఇంట్లో ఎక్కడ ఆగుతాయో ముందు వెతికి పట్టుకోండి. చిన్న రిపేరు పెద్ద రభస అయ్యేది బిగించడం రాక కాదు. కుళాయి ఊడి చేతికొచ్చాక నీళ్లు ఎక్కడ కట్టాలో తెలియక, కింది ఫ్లాటు వాళ్ల సీలింగు తడిసేదాకా బకెట్లతో పరుగెత్తడం వల్ల. ఆపడం వచ్చినవాడు తప్పు చేసినా నష్టం ఒక వాషర్‌తో పోతుంది.

ఆదివారం పొద్దున ఒక గంట దీనికి పెట్టండి. వాష్‌బేసిన్ కింద, కమోడ్ పక్కన, గోడలోంచి వచ్చి ఫ్లెక్సిబుల్ పైపుకు నీళ్లిచ్చే చిన్న కుళాయి ఉంటుంది. అదే యాంగిల్ కాక్. కుడివైపుకు తిప్పితే ఆ ఒక్కదానికి నీళ్లు ఆగుతాయి. షవర్‌కూ గోడ కుళాయిలకూ అలాంటిది ఉండదు. వాటికి బాత్రూమ్ మొత్తానికి కలిపి ఒక వాల్వు ఉంటుంది. కొన్ని ఫ్లాట్లలో గోడలోనే స్టీలు మూతతో, కొన్నిట్లో పైపులు దిగే సందులో (డక్ట్‌లో), పాత అపార్ట్‌మెంట్లలో టెర్రస్ మీద ట్యాంకు దగ్గర. పొడుగాటి పిడి ఉంటే అది బాల్ వాల్వ్: పిడి పైపు వెంబడి ఉంటే తెరిచి ఉన్నట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. గుండ్రటి చక్రం ఉంటే గేట్ వాల్వ్. దాన్ని చాలా చుట్లు తిప్పాలి. ఒక్కోటీ మూసి, లోపలికెళ్లి ఏ కుళాయి ఆగిందో చూసి, చెరిగిపోని మార్కర్‌తో చీటీ రాసి కట్టేయండి. డక్ట్‌లో పక్కింటివాళ్ల వాల్వు కూడా ఉండొచ్చు. తలమీద సబ్బు నురగతో వాళ్లు తలుపు కొట్టకముందే మూసింది తెరిచేయండి.

బోరు నీళ్ల ఇళ్లలో గేట్ వాల్వులతో ఒక చిక్కుంది. ఏళ్ల తరబడి ముట్టుకోకపోతే లోపల తెల్లటి సున్నం పట్టి బిగుసుకుపోతాయి. అవసరమొచ్చిన రోజు బలవంతంగా తిప్పితే కాడ విరిగి చేతికొస్తుంది. అందుకే మూడు నెలలకోసారి ఊరికే మూసి తెరవాలి. పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి వదిలేస్తే ఇరుక్కోదు.

ఇక కరెంటు. ఇంటికంతా కరెంటు పంచే బోర్డే డీబీ బాక్సు. గోడలో ఉన్న దాని తలుపు తెరిస్తే వరసగా ఎంసీబీలు కనపడతాయి, లోడు మించితే వాటంతటవే పడిపోయే చిన్న స్విచ్చులవి. వాటికన్నా వెడల్పుగా, "టెస్ట్" అనో "టి" అనో చిన్న బటన్‌తో ఉన్నది ఆర్‌సీసీబీ. దానిమీద 30 ఎంఏ (మిల్లీ ఆంపియర్లు) అని రాసి ఉండాలి. వైరులోంచి బయటికి కారే కరెంటు ఆ మాత్రానికి చేరితే అది సప్లై తెంచేస్తుంది. షాక్ కొట్టినప్పుడు మనిషిని కాపాడేది ఇదే. ఎంసీబీ పని వైరును కాపాడటం. మీ బోర్డులో ఆర్‌సీసీబీ లేకపోతే, మీరు ఉత్తరంలో అడిగినవన్నీ పక్కనబెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి. ఉంటే నెలకోసారి ఆ బటన్ నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే అది అలంకారానికే ఉన్నట్టు, మార్చాలి. ఏ ఎంసీబీ దించితే ఏ గది ఆగుతుందో చూసి దాని కింద రాసిపెట్టుకోండి. మీటరూ, దాని ముందున్న వైరూ కరెంటు సరఫరా చేసే సంస్థవి (డిస్కంవి), వాటికి సీలు ఉంటుంది. అటువైపు తేడా ఉంటే 1912కు ఫోన్ చేయడమే మీ పని.

గ్యాస్ గురించి తెలుసుకోవాల్సింది తక్కువే గానీ, తెలియకపోతే కష్టం. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, వేసి ఉన్నదాన్ని తీయకూడదు కూడా. స్విచ్చు తీసినప్పుడూ లోపల నిప్పురవ్వ పుడుతుంది. రెగ్యులేటర్ కట్టేసి, ఊడదీసి, సిలిండర్ మూతికి తెల్లటి సేఫ్టీ క్యాప్ పెట్టి, తలుపులూ కిటికీలూ తెరవండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేలను పట్టుకుని ఉంటుంది. అందుకని కిటికీ ఒక్కటే చాలదు, తలుపు తెరిచి ఉంచాలి. బయటికొచ్చాక 1906కు ఫోన్ చేయండి, గ్యాస్ లీకుల కోసమే పెట్టిన నంబరు అది. మామూలు రోజుల్లో అనుమానమొస్తే సబ్బునీళ్లు నురగ తెప్పించి రెగ్యులేటర్ దగ్గర, పైపు రెండు చివర్లా రాయండి. బుడగలు లేస్తే లీకు. అగ్గిపుల్లతో చూడటం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో నడుస్తోంది, ఆ పని మాత్రం వద్దు. కొత్త సిలిండర్‌కు లీకయితే చాలాసార్లు కారణం వాల్వు లోపలి నల్ల రబ్బరు రింగు లేకపోవడమో పగలడమో. డెలివరీ అబ్బాయి ఉండగానే టార్చి వేసి చూడండి, ఆయన దగ్గర కొత్త రింగు ఉంటుంది. సిలిండర్ పై పట్టీల లోపలివైపు "బి-27" లాంటి గుర్తు కూడా చూడండి. ఏ అంటే జనవరి-మార్చి, బి అంటే ఏప్రిల్-జూన్, సి, డి ఆ తర్వాతి మూడేసి నెలలు, పక్కన సంవత్సరం. ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువది. దాటిపోయి ఉంటే తీసుకోకండి. నారింజ రంగు సురక్షా పైపుకు ఆయుష్షు 5 ఏళ్లు, తేదీ పైపుమీదే ఉంటుంది.

ఇవి అయ్యాక కుళాయి దగ్గరికి రండి. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పని లేదు.

ముందు నీళ్లు ఎక్కడినుంచి కారుతున్నాయో చూడండి. మూతి దగ్గర బొట్లు పడుతుంటే లోపలి వాషరో కార్ట్రిడ్జో అరిగింది. పిడి కింద, కాడ చుట్టూ ఊరుతుంటే అక్కడి ఓ-రింగు పోయింది. కుళాయి గోడలోకి వెళ్లే చోట చెమ్మగా ఉంటే మరకు చుట్టిన టెఫ్లాన్ టేపు పోయింది. మూడూ వేరు వేరు పనులు. కారేచోటు చూడకుండా కుళాయే మార్చేయమనే సలహా మీకు చాలామంది ఇస్తారు.

మీది మూతి కారుడు అనుకుందాం. పిడి అర చుట్టు, పావు చుట్టు తిప్పితేనే నీళ్లొచ్చే కొత్తరకం కుళాయి అయితే లోపల సిరామిక్ బిళ్లలున్న కార్ట్రిడ్జ్ ఉంటుంది. యాంగిల్ కాక్ మూసి, కుళాయి తెరిచి, పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వండి. బేసిన్ రంధ్రంలో పాతగుడ్డ కుక్కండి. ఇది మరిచిపోతే మొదటి స్క్రూ తిన్నగా డ్రైనేజీలోకే పోతుంది. పిడిమీద ఎరుపో నీలమో చిన్న బిళ్ల ఉంటుంది. గోరుతోనో సన్నటి చాకు మొనతోనో పైకి లేపితే కింద స్క్రూ కనపడుతుంది. కొన్ని కుళాయిలకు పిడి వెనకవైపు ఆలెన్ కీతో తీసే చిన్న స్క్రూ ఉంటుంది. అది విప్పి పిడి పైకి లాగండి. పైతొడుగు చేత్తో తిప్పితే వస్తుంది. రాకపోతే గుడ్డ చుట్టి స్పానర్‌తో పట్టండి, లేకపోతే మెరుగు మీద గీతలు పడతాయి. లోపల ఇత్తడి ఆరుపలకల ముక్క కనపడుతుంది. కుళాయిని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో స్పానర్‌ను ఎడమవైపుకు తిప్పండి. వచ్చిన ముక్కే కార్ట్రిడ్జ్.

దాన్ని జేబులో వేసుకుని షాపుకెళ్లండి. కంపెనీ పేరు చెప్పి "కార్ట్రిడ్జ్ ఇవ్వండి" అంటే సరిపోదు. ఒకే కంపెనీలో పొడవులు వేరు, కాడ చివర పళ్ల లెక్క వేరు, తెరుచుకునే దిక్కు వేరు. కౌంటరు మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబెట్టి పొడవు, మర, పళ్లు కలిశాయో లేదో చూడండి. రెండింటినీ మూసిన స్థితికి తిప్పి, తెరిచేటప్పుడు ఒకే వైపుకు తిరుగుతున్నాయో లేదో కూడా చూడాలి. ఇది తప్పితే పిడి అడ్డదిడ్డంగా తిరుగుతుంది.

కొత్తది బిగించేముందు కుళాయి లోపల వేలు పెట్టి తుడవండి. ఒక్క ఇసుక రేణువు బిళ్లల మధ్య చేరితే కొత్తదీ కారుతుంది. చేత్తో ఆఖరిదాకా తిప్పి, స్పానర్‌తో మరో పావు చుట్టు మాత్రమే. బలమంతా ఉపయోగించాలనిపిస్తుంది, అక్కడే ఆగండి. గోడలో కుళాయి కూర్చునే మోచేయి ముక్క ఎక్కువగా సీపీవీసీ ప్లాస్టిక్కే, లోపల ఇత్తడి మర ఉంటుంది అంతే. గోడ కుళాయిని మరీ బిగిస్తే ఆ ప్లాస్టిక్ పగులుతుంది. అప్పుడు మార్చాల్సింది వాషర్ కాదు, టైల్స్ పగలగొట్టి గోడ తవ్వాలి. పిడి పెట్టేశాక యాంగిల్ కాక్ తెరిచేముందు కుళాయి మూతికున్న జాలీని విప్పి పక్కన పెట్టండి. కాక్ మెల్లగా తెరిచి, కుళాయి తెరిచి కొంచెంసేపు నీళ్లు పోనిస్తే కదిలిన మురికంతా పోతుంది. జాలీకి సున్నం పట్టి ఉంటే గిన్నెడు వెనిగర్‌లో రాత్రి నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. గ్లాసు వేడినీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపినా అదే పని చేస్తుంది. షవర్ రంధ్రాలు మూసుకుపోయినా మందు ఇదే. టాయిలెట్ కడిగే యాసిడ్ మాత్రం కుళాయిలకు వాడకండి, మెరుగు ఊడిపోతుంది. ఆ యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

చాలా చుట్లు తిప్పే పాతరకం కుళాయికి కథ ఇంకా చిన్నది. లోపలి ముక్క చివర రూపాయి బిళ్లకన్నా చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది. అరిగి గుంట పడి ఉంటుంది. అది మారిస్తే అయిపోయినట్టే. "ఇంకొంచెం గట్టిగా కట్టు" అని రోజూ బిగిస్తూ పోవడం వల్లనే అది అంత తొందరగా పోతుంది.

గోడ దగ్గర కారుతుంటే టెఫ్లాన్ టేపు. ఇది చుట్టడం తెలియకే చాలామంది రెండుసార్లు మూడుసార్లు విప్పి బిగిస్తుంటారు. వాల్వు కట్టి, కుళాయి ఊడదీసి, పాత టేపు పోగులన్నీ మరల్లోంచి సూదితో తీసేయండి. మర మీవైపు చూస్తుండేలా కుళాయిని పట్టుకుని, గడియారం ముళ్లు తిరిగే వైపుకే టేపు చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడి ముద్దగా బయటికొస్తుంది. మొదటి మర వదిలేసి, లాగిపట్టి, మరల గాట్లు టేపులోంచి కనపడేలా చుట్టండి. మన షాపుల్లో దొరికే పల్చటి తెల్ల టేపు అయితే 12 నుంచి 15 చుట్లు పడుతుంది. బిగిస్తుంటే చివర్లో కుళాయి మూతి సరిగ్గా కిందికి రావాలి. కొంచెం దాటిపోయిందనుకోండి, వెనక్కి తిప్పడం మాత్రం చేయకండి. వెనక్కి తిరిగిన టేపు పట్టు వదిలేస్తుంది, రెండు రోజుల్లో మళ్లీ చెమ్మ. మొత్తం తీసేసి, నాలుగు చుట్లు ఎక్కువో తక్కువో వేసి, మొదటినుంచి బిగించాలి.

వానొస్తే ట్రిప్ అవుతోందన్నారు. ఏది పడుతోందో చెప్పలేదు, అసలు విషయం అక్కడే ఉంది. ఎంసీబీ పడితే ఒక కథ, ఆర్‌సీసీబీ పడితే ఇంకో కథ.

ఎంసీబీ ఎత్తగానే మళ్లీ టక్కున పడితే ఆ లైన్లో షార్ట్. పది నిమిషాలు నడిచి పడితే మోయలేనంత లోడు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అంత వాట్ల ఇండక్షన్ పొయ్యీ అంతే. చిన్న 6 ఆంపియర్ల సాకెట్టు వీటికి చాలదు. పెద్ద పిన్నుల ప్లగ్గును చిన్న సాకెట్టులో దూర్చే అడాప్టర్లు అమ్ముతారు. ఇంట్లో ఉంటే పారేయండి. "ఎంసీబీ ఊరికే పడుతోంది, పెద్దది వేసేయండి" అనే మాట కూడా వినకండి. లైట్ల లైనుకు వేసేది సాధారణంగా 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. దానికి 6 ఆంపియర్ల ఎంసీబీ తీసి 20 వేస్తే, ఇకమీదట పడదు నిజమే. వైరు గోడలో కాగుతుంది.

వానకు పడేది ఎక్కువగా ఆర్‌సీసీబీ. ఎక్కడో తడి చేరి కరెంటు ఎర్త్‌లోకి కారుతోంది. బాల్కనీ సాకెట్టు, బయటి గోడ లైటు, వాషింగ్ మెషిన్ పెట్టిన యుటిలిటీ, టెర్రస్ మీది పాయింట్లు మొదటి ముద్దాయిలు. పట్టుకునే పద్ధతి ఇది. ఎంసీబీలన్నీ దించండి. ఇంట్లో ప్లగ్గులన్నీ సాకెట్లలోంచి పీకేయండి. స్విచ్చు ఆపితే చాలదు, పీకాలి. మన స్విచ్చులూ, ఒకే వైరును తెంచే ఒంటి పోల్ ఎంసీబీలూ కరెంటు తెచ్చే ఫేజు వైరును మాత్రమే తెంచుతాయి. కరెంటు వెనక్కి పోయే న్యూట్రల్ వైరు అలాగే తగులుకుని ఉంటుంది, కారే వస్తువు ఆ దారినే ఆర్‌సీసీబీని పడేయగలదు. ఎలక్ట్రీషియన్ వచ్చి "అన్నీ ఆపినా పడుతోందండీ, ఆర్‌సీసీబీయే పోయింది" అనేది తరచూ ఈ సంగతి మరిచిపోయినప్పుడే.

ఇప్పుడు ఆర్‌సీసీబీని ఎత్తండి. ట్రిప్ అయినదాని పిడిని ముందు పూర్తిగా కిందికి నొక్కి, తర్వాత పైకెత్తాలి. సగంలోంచి ఎత్తితే నిలబడకపోవచ్చు. నిలబడ్డాక ఎంసీబీలు ఒక్కోటీ ఎత్తండి. దేనికి పడితే ఆ గది వైరింగ్‌లో తడి ఉన్నట్టు. అన్నీ ఎత్తినా నిలబడితే వైరింగ్ బాగానే ఉంది, తప్పు ఏదో వస్తువుది. ఒక్కో ప్లగ్గూ పెట్టి చూడండి. వానతో పనిలేకుండా పొద్దునపూటే పడుతుంటే నా అనుమానం గీజరు మీద. గట్టి నీళ్లకు సున్నం పట్టి హీటింగ్ ఎలిమెంట్ తొడుగు పగిలితే లోపలి నీళ్లలోకే కరెంటు కారుతుంది. అప్పుడు ఆర్‌సీసీబీని తిట్టుకుంటాం, అది నిజానికి స్నానానికి వెళ్లినవాళ్లను కాపాడుతోంది. దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపేస్తానని ఎవరైనా అంటే ఆ మనిషిని మళ్లీ పిలవకండి. బాల్కనీ సాకెట్టే దోషి అని తేలితే, ఆ లైను ఎంసీబీ దించి ఉంచి, వాన తగ్గి ఎండాక మూత ఉన్న సాకెట్టు పెట్టించడమే పరిష్కారం.

ఫ్యాన్ విషయం తేలిక. హమ్ అని శబ్దం చేస్తూ తిరగకపోవడం, చేత్తో తోస్తే తిరగడం, ఐదో నంబరులో కూడా నీరసంగా తిరగడం ఇవన్నీ మోటారుకు ఊపునిచ్చే చిన్న ముక్క, కండెన్సర్, పోయిన లక్షణాలు. షాపులో అదే పేరుతో అడగండి. మామూలు సీలింగ్ ఫ్యాన్లకు ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది. పాతదానిమీద ఎంతుంటే అంతే కొనండి. నాలుగు వేస్తే ఇంకా జోరుగా తిరుగుతుందని కొందరు చెబుతారు. కొన్నాళ్లు తిరుగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. మీది రిమోట్‌తో పనిచేసే బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే ఇందులో ఏదీ వర్తించదు. దాంట్లో పోయేది సర్క్యూట్ బోర్డు, కంపెనీవాళ్లను పిలవాలి.

స్విచ్చు ఆపి ఎక్కకండి, ఆ గది ఎంసీబీ దించండి. వైరింగ్ చేసినవాళ్లు స్విచ్చును పొరపాటున న్యూట్రల్‌కు పెట్టి ఉంటే, స్విచ్చు ఆపినా ఫ్యాన్‌లో ఫేజు ఉంటుంది. టెస్టర్‌ను ముందు వెలుగుతున్న వేరే గదిలో సాకెట్టులో పెట్టి పనిచేస్తోందని చూసుకోండి, తర్వాత ఫ్యాన్ వైర్ల దగ్గర పెట్టండి, మళ్లీ ఆ సాకెట్టులో చూడండి. టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదనీ కావచ్చు, టెస్టర్ పోయిందనీ కావచ్చు. కండెన్సర్ చాలా ఫ్యాన్లలో పై కప్పు కిందే ఉంటుంది, కప్పు స్క్రూ వదులు చేసి కిందికి జార్చితే కనపడుతుంది. ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. విప్పే ప్రతి పనికీ ముందు ఫోటో తీయడం అలవాటు చేసుకుంటే సగం భయం పోతుంది. పిడికి ప్లాస్టిక్ ఉన్న స్క్రూడ్రైవర్ మొనతో కండెన్సర్ రెండు కొసలూ ఒకసారి కలిపి తాకించండి, లోపల చార్జి మిగిలి ఉంటే పోతుంది. దానికి రెండే వైర్లు, ఏది ఎటు కలిపినా ఫరవాలేదు. కలిపేచోట ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టి కప్పు మూసేయండి. వంద రూపాయల లోపు పని. ప్లాస్టిక్ కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కే విద్య మాత్రం వద్దు, వాచ్‌మన్ దగ్గర నిచ్చెన అడగండి.

ప్లగ్గు మార్చడం కూడా ఈ వరసలోనే నేర్చుకోండి. ఇస్త్రీపెట్టె ప్లగ్గు వేడెక్కుతోందన్నా, పిన్నుల దగ్గర నల్లబడిందన్నా లోపల స్క్రూ వదులయిందని అర్థం. విప్పితే ఎల్, ఎన్, ఈ అని అచ్చు ఉంటుంది: ఫేజ్, న్యూట్రల్, ఎర్త్. ఆకుపచ్చ వైరు పెద్ద పిన్నుకు. ఆ ఎర్త్ వైరును మిగతా రెండింటికన్నా కాస్త పొడుగ్గా ఉంచండి. ఎవరైనా తీగ పట్టి లాగితే అది ఆఖరున ఊడాలి. రాగి పోగుల్ని మెలిపెట్టి, రెండుగా మడిచి స్క్రూ కింద పెడితే పట్టు నిలుస్తుంది. లోపల తీగను నొక్కిపట్టే పట్టీ కూడా బిగించండి, దాన్ని చాలామంది వదిలేస్తారు.

స్క్రూ ఏదైనా కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకు వదులవుతుంది. కానీ టేబుల్ ఫ్యాన్ రెక్కల ముందు మూత, కొన్ని మిక్సీల మోటారు మీది కప్లర్ తిరగేసి ఉంటాయి. తిరిగేకొద్దీ అవే విప్పుకోకుండా అలా పెడతారు. రాకపోతే బలం పెంచేముందు బాణం గుర్తు ఉందేమో చూడండి.

పనిముట్లు అన్నీ కలిపి రెండు వేల రూపాయలు దాటవు. 8 అంగుళాల కటింగ్ ప్లయర్, 10 అంగుళాల స్క్రూ స్పానర్, ఒక చదును మొన, ఒక స్టార్ స్క్రూడ్రైవర్, మంచి టెస్టర్, ఆలెన్ కీల సెట్, టెఫ్లాన్, ఇన్సులేషన్ టేపులు, కొలత టేపు, టార్చి. ప్లయర్, స్పానర్ రెండూ పేరున్న కంపెనీవి కొనండి. చవక స్పానర్ నోరు వదులై జారి ఇత్తడి మూలలు గుండ్రంగా అరగదీస్తుంది, ఆపైన ఎవరికీ ఊడదు. నలభై ముక్కల కిట్టు పెట్టెలు ఆకర్షిస్తాయి గానీ అందులో ముప్పై వాడరు. డ్రిల్లింగ్ మిషన్ ఇప్పుడే వద్దు. కొన్నాక కూడా ఒక్కటి గుర్తుంచుకోండి: స్విచ్ బోర్డుకు నేరుగా పైన, కింద, పక్కన రంధ్రం పెట్టకూడదు, గోడలోని వైర్లు పోయేది ఆ దారినే.

ముట్టుకోకూడనివి చెప్పమన్నారు. గీజరు లోపలి భాగాలు, ముఖ్యంగా దాని ప్రెషర్ వాల్వ్. మైక్రోవేవ్ ఓవెన్ లోపల, ప్లగ్గు పీకాక కూడా అందులోని కండెన్సర్‌లో వేల వోల్టులు నిలిచి ఉంటాయి. ఏసీ గ్యాస్. సిలిండర్ రెగ్యులేటర్ లోపల. డీబీ బాక్సులో ఎంసీబీలు ఎత్తడం దించడం తప్ప లోపలి వైర్ల జోలికి పోవద్దు. ఇంట్లో మెయిన్ ఆపినా, మెయిన్‌కు వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది.

వీటికి మనిషిని పిలవాల్సిందే. పిలిచినప్పుడు పక్కనే నిలబడండి. పాత ముక్క ఇచ్చి వెళ్లమనండి, ఎందుకు పోయిందో అడగండి. చెప్పేవాడు దొరికితే ఐదొందలకు బేరం ఆడకండి, నంబరు దాచుకోండి.

హాల్లో ఫ్యాన్‌తో మాత్రం మొదలుపెట్టకండి. వాష్‌బేసిన్ కుళాయి విప్పండి ముందు. దాని కాక్ చేతికందే దూరంలోనే ఉంటుంది, ఏదైనా తేడా వచ్చినా నీళ్లు బేసిన్‌లోనే పడతాయి. పొద్దున పదికల్లా విప్పండి. చాలా హార్డ్‌వేర్ షాపులు ఆదివారం మధ్యాహ్నానికే షటర్ దించేస్తాయి.